మంచం కింద తీసిన కొలత

మా రాయ్‌పూర్ గుఢియారీ సందులో పాతసామాన్ల దుకాణం ముందు మొన్న నేను చేసిన యాగీకి మా ఆయన నా మనిషి కానట్టు అవతలికి వెళ్లి నిలబడ్డారు. కుక్కర్‌కి గాస్కెట్టు కోసం వెళ్లాం. తుప్పుపట్టిన ఫ్యాను రెక్కల మధ్య ఒక నల్లపెట్టె మూత తెరుచుకుని ఉంది. లోపల మాసిన మఖమల్ గుడ్డ, దాని మీద వరసగా గాట్లు, గాట్లలో గుండ్రటి గాజుబిళ్లలు, ఒక్కో బిళ్లకి చిన్న పిడి. కళ్లకి నంబరు చూసేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతారే, ఆ బిళ్లల పెట్టె. దుకాణదారు అందులోంచి లావుపాటి ప్లస్ బిళ్ల ఒకటి తీసి, ఎండని దాంతో ఒకచోటికి చేర్చి, బీడీ వెలిగించుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "అరే భయ్యా, అది కంటికి పెట్టేది, బీడీకి కాదు" అని కేకలు మొదలుపెట్టి, బిళ్ల లాక్కుని, దాని గాట్లో దాన్ని పెట్టేదాకా ఊరుకోలేదు. చివరికి బేరమైనా ఆడకుండా పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. గాస్కెట్టు సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఇంటికి రాగానే కిటికీ దగ్గర నిలబడి ఒక బిళ్ల ఎత్తి పట్టుకుని అటూ ఇటూ కదిపాను. కిటికీ చువ్వలు ఎదురు దిక్కుకి జరిగాయి. అంటే ప్లస్. ఇంకోటి తీశాను, చువ్వలు నా చేత్తోబాటే వచ్చాయి. మైనస్. ఇన్నేళ్లుగా రోజూ చేసే పనే అయినా, ఆ సాయంత్రం నా గుండె మొదటిరోజు కొట్టుకున్నట్టే కొట్టుకుంది. ఏం చెప్పమంటారు, కొందరికి బంగారం చూస్తే అలా ఉంటుందట, నాకు గాజుబిళ్ల చూస్తే ఉంటుంది.

ఈ పిచ్చి నాకు నాన్న వల్లే పట్టుకుంది. మా నాన్న రాయ్‌పూర్‌లో రైల్వే బళ్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. మాది టెక్కలి దగ్గరి ఊరు, తాతగారి కాలంలోనే రైలు పట్టాలతోబాటు ఇటు వచ్చేశాం. ఇక్కడ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఊరినిండా కొత్త ఆఫీసులు, కొత్త బోర్డులు, ఎవరిని చూసినా ఏదో ఒక పరీక్షకి చదివేవాళ్లే. నన్నూ బ్యాంకు పరీక్షలు రాయమని నాన్న పోరేవారు. అప్పుడే ఆయనకి చత్వారం వచ్చి, పేపరు చేయి చాచి చదవడం మొదలైంది. తోడుగా కంటి ఆసుపత్రికి నేను వెళ్లాను. అక్కడ దుబే సార్ అనే ఆయన నాన్న ముక్కు మీద ఒక ఇనుప చట్రం పెట్టి, అందులో బిళ్ల వేశారు. అంతే, నాన్న చేతిలో ఉన్న కాగితం దానంతటదే దగ్గరికి వచ్చింది. ఆయన మొహంలో అప్పుడు కనిపించిన ఆశ్చర్యం నేను మరిచిపోలేదు. ఆ ఆసుపత్రి కింది అంతస్తులోనే కళ్లద్దాల పని నేర్పుతారని తెలిసింది. ఆరు నూరైనా అదే నేర్చుకుంటానని ఇంటికి వచ్చి చెప్పేశాను. "దుకాణంలో ఫ్రేములమ్ముకునే పనికి సదువేల?" అన్నారు నాన్న. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు నేను. మూడో రోజు ఆయనే సైకిలు మీద దింపారు.

దుబే సార్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మెడలో టేపు వేసుకున్న దర్జీలా ఉండేవారు. ఆయన మెడలో ఉండేది మాత్రం అద్దాలు తుడిచే పసుపు గుడ్డ. పాఠం హిందీలో చెప్పేవారు, మధ్యలో ఛత్తీస్‌గఢీ, కోపం వస్తే ఇంగ్లీషు. నంబరు రాసేది డాక్టరు, ఆ నంబరు మనిషికి పనికొచ్చేలా చేసేది మనం అనేవారు. అద్దం ముక్కు మీద ఎంత వాలాలి, కంటికి ఎంత దూరంలో ఉండాలి, కంటిపాప ఎదురుగా అద్దం నడిమధ్య పడిందా లేదా, ఇవన్నీ చూసుకోకపోతే సరైన నంబరు కూడా తప్పు నంబరే అవుతుందని ఆయన బాధ. అన్నిటికన్నా ముందు ఆయన నేర్పిన కట్టుబాటు ఒకటుంది. అద్దం చేతికి రాగానే దాని మీద కుడిదో ఎడమదో పెన్సిల్‌తో రాసెయ్యాలి. కుడిది ఎడమలో, ఎడమది కుడిలో పెట్టినవాడు తన క్లాసులో ఉండక్కర్లేదని చెప్పేశారు. మేమందరం కలలో కూడా కుడి, ఎడమ అని కలవరించేవాళ్లం.

బిళ్ల కదిపి నంబరు కనుక్కోవడం వచ్చిన వారంలో మా రైల్వే క్వార్టర్లలో నా బాధ పడనివారు లేరు. ఎవరి కళ్లద్దాలు గట్టు మీద కనిపిస్తే వాటిని లాక్కోవడం, గుమ్మం గీతకేసి చూస్తూ కదపడం, "మీది మైనస్, కొంచెం సిలిండర్ కూడా ఉంది" అని తీర్పు చెప్పడం. సిలిండర్ అంటే ఒక్క దిక్కుకే ఉండే పవరు, అది ఉంటే అద్దం తిప్పుతున్నప్పుడు గీత కత్తెరలా విచ్చుకుంటుంది, ఆ తమాషా పక్కింటి పిన్నిగారికి నాలుగుసార్లు చూపించాను. ఆవిడ పాపం పప్పు మాడిపోతున్నా చూశారు. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారేటి" అని అమ్మ గొణిగేది. నేను వినిపించుకుంటే కదా.

కానీ ఒక్కచోట ఆగిపోయాను. కంటిపాపల మధ్య దూరం కొలవాలంటే ఎదుటి మనిషికి జానెడు దూరంలో కూర్చుని, ముక్కు మీద స్కేలు పెట్టి, నేరుగా వాళ్ల కళ్లలోకి చూడాలి. వాళ్లూ మన కళ్లలోకే చూడాలి. పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడకూడదని మా నాన్నమ్మ చిన్నప్పుడు నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది. బీర్‌గావ్ ఫ్యాక్టరీల నుంచి పెద్ద వయసు కార్మికులు వచ్చి ఎదురుగా కూర్చుంటే నా చూపు దానంతటదే వాళ్ల చొక్కా గుండీల మీదికి జారేది. నేను తీసిన కొలతలన్నీ తప్పులే. వాళ్లలో కూడా కొందరు, ఆడపిల్ల కళ్లలోకి చూడటమేమిటని పక్కకి చూసేవారు. ఇక కొలత ఎక్కడ కుదురుతుంది? "ఇంట్లో మొదలుపెట్టు, మీ బాబూజీ కళ్లలోకి చూడటం వస్తే ఎవరివైనా చూడగలవు" అన్నారు దుబే సార్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నట్టు.

ఇంట్లో అప్పటికి పరిస్థితి వేరేగా ఉంది. నాన్న పని ఏమిటంటే, రిపేరుకి వచ్చిన గూడ్సు పెట్టె కింద, పట్టాల మధ్య తవ్విన గుంతలోకి దిగి, పెట్టె అడుగుభాగంలో ఎక్కడైనా పగులు వచ్చిందేమో చూసి, అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టడం. ఆ సున్నాని బట్టే వెల్డింగువాళ్లు వస్తారు. ఇరవయ్యేళ్లుగా కార్ఖానాలో ఆయన సున్నాకి తిరుగులేదు. కొత్తగా బైఫోకల్ అద్దాలు వచ్చాక ఆ పేరు పోవడం మొదలైంది. పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు ఉండే అద్దాలవి. ఇంట్లో పేపరు శుభ్రంగా చదివేవారు, గుంతలోకి దిగితే మాత్రం పగులు దాటిపోయేది. ఒకసారి ఆయన వదిలేసిన పగులుని తర్వాతి షిఫ్టువాళ్లు పట్టుకున్నారు. ఫోర్‌మన్ సాహు సాబ్ మంచివాడే, కానీ పగిలిన పెట్టె లైను మీదికి వెళితే ప్రాణాలు పోతాయి. "విశ్వకర్మ పూజ దాకా చూస్తాను. ఆ తర్వాత కూడా ఇలాగే ఉంటే స్టోర్‌లో కూర్చో" అన్నాడు. స్టోరంటే బోల్టులు లెక్కపెట్టి ఇవ్వడం. జీతం తగ్గదు. అయినా నాన్న ఆ రాత్రి అన్నం కలిపి అలాగే వదిలేశారు. డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లి నంబరు చూపించుకున్నారు. రెండుసార్లూ నంబరు సరిగ్గానే ఉందన్నారు. రెండు కళ్లకీ ఒకే నంబరు, పేచీ లేని కళ్లు. "కళ్లు బాగున్నాయి, అద్దాలు బాగున్నాయి, మరి నేనే పాడయిపోనానేటి" అన్నారు నాన్న అమ్మతో. ఆ మాట నేను వంటింట్లోంచి విన్నాను. ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున్న ఆయన ఎదురుగా పీట వేసుకుని స్కేలు పట్టుకుని కూర్చున్నాను. కార్ఖానా సబ్బుతో ఎంత తోమినా పోని గ్రీజు వాసన, కొబ్బరినూనె వాసన. "నా ఎడమ కంట్లోకి చూడు నాన్నా" అన్నాను. ఆయన చూశారు. నేనూ చూశాను. పుట్టి బుద్ధెరిగాక మా నాన్న కళ్లు అంత దగ్గర్నుంచి చూడటం అదే. నల్లవనుకునేదాన్ని, కాదు, కొత్త చింతపండు రంగు. చుట్టూ సన్నగా తెల్లటి అంచు. వెల్డింగు పొగకి ఎర్రబడిన మూలలు. ఇద్దరం మొదట సిగ్గుపడ్డాం, తర్వాత నవ్వుకున్నాం, ఆ తర్వాత స్కేలు ఆయన ముక్కు మీద కుదురుగా నిలిచింది. కొలత సరిగ్గా వచ్చింది. చూస్తే ఆయన అద్దాలు ఆ కొలతకే చేసినవి. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు నాకు ఒళ్లు మండి, "నాన్నా, గుంతలో ఎలా ఉంటావో చేసి చూపించు" అన్నాను.

"ఇక్కడ గుంత ఎలగొస్తాది?" అన్నారు. ఇటుకల మీద ఎత్తిన ఇనప మంచం కింద ట్రంకుపెట్టెలు ఉండేవి. అవన్నీ బయటికి లాగేశాను. నాన్న చేత్తో టార్చి పట్టుకుని మంచం కిందికి దూరి చతికిలబడ్డారు. నేనూ పక్కనే దూరాను. తల వెనక్కి వాలిస్తే మంచం పట్టీ తగులుతోంది. "అక్కడా ఇంతే. ఎనక ఇరుసు అడ్డం. మెడ వాలదు, కళ్లే పైకెత్తాల" అన్నారు. పైన పట్టీల మధ్య నేను దోపిన పేపరు చూడమన్నాను. నాన్న కుడిచేత్తో టార్చి ఎత్తారు. ఎడమచేత్తో కళ్లద్దాల్ని పట్టుకుని నుదుటి మీదికి జరిపారు, కింద ఉన్న దగ్గరి చూపు ముక్క కళ్ల ముందుకి వచ్చేలా. "ఇప్పుడు సుద్దముక్క దేంతో పట్టుకుంటావు?" అని అడిగాను. ఆయన టార్చి చేతికేసి చూశారు, అద్దాల చేతికేసి చూశారు. "అదే మరి. అద్దాలొదిలితే కనిపించదు, టార్చి వదిలితే కనిపించదు. గియ్యడానికని వదిలీసరికి ఎక్కడ సూసేనో మర్చిపోతన్నాను" అన్నారు.

నాకు మంచం కిందే అరవాలనిపించింది. మనిషి పైకి చూసి పని చేస్తుంటే దగ్గరి చూపు ముక్కని కింద పెట్టాం. డాక్టరు కాగితం ఒళ్లో పెట్టి చదివించారు, దుబే సార్ కుర్చీలో కూర్చోబెట్టి కొలిచారు, నేను పీట మీద కూర్చోబెట్టాను. గుంతలోకి ఎవరం దిగలేదు. అద్దాన్ని తలకిందులు చేసి కోస్తే ఆ ముక్క పైకి వస్తుంది, అంతే కదా! అక్కడే, ఆ చీకట్లోనే, ఆయన సూటిగా చూసినప్పుడు కంటిపాప ఎక్కడుందో, పైకెత్తినప్పుడు ఎక్కడికి వెళ్లిందో అద్దం మీద పెన్నుతో చుక్కలు పెట్టుకున్నాను. అమ్మ వచ్చి, వంగి, మంచం కింద మొగుణ్ణీ కూతుర్నీ చూసి, "ఏటండీ ఇది, పొద్దున్నే" అంది. "కొలత తీస్తంది, మాటాడకు" అన్నారు నాన్న. దగ్గరి చూపు పైన పెట్టబోతున్నానని చెప్పాను. "కళ్లు నెత్తికెక్కడం అంటే విన్నాను గానీ, మా ఇంట్లోనే సూస్తాననుకోనేదు" అని అమ్మ వెళ్లిపోయింది.

దుబే సార్ మొదట పగలబడి నవ్వారు. "ఉల్టా?" అన్నారు. తర్వాత బల్ల కిందికి వంగి తనే కళ్లు పైకెత్తి చూసుకున్నారు. లేచి పసుపు గుడ్డతో మొహం తుడుచుకుని, "చెయ్యి. కానీ కొలత నీది, కోత నీది" అని అద్దాలు చేతిలో పెట్టారు. తడిరాయి మీద అద్దం అంచు అరగదీస్తుంటే వచ్చే ఆ బురదవాసన నాకు తొలకరి వాసన కన్నా ఇష్టం. కుడి అద్దం మీద కుడి అని రాశాను, తలకిందులు చేశాను, అరగదీశాను. ఎడమదీ అంతే. ఎటు తిప్పినా ఒకేలా ఉండే కోలగుండ్రటి తీగ ఫ్రేములో బిగించి, విశ్వకర్మ పూజ ముందురోజు సాయంత్రం ఇంటికి పరిగెత్తాను.

నాన్న మంచం కిందికి దూరారు. ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. కాసేపు చూశారు. "కనిపిస్తంది. కానీ రెండు కళ్లూ ఒకచోటికి రావడం నేదమ్మా. ముక్కు దగ్గర ఏదో అంచు అడ్డొస్తంది" అన్నారు. మరి కాసేపటికి కణతలు నొక్కుకుంటూ బయటికి వచ్చేశారు. "బాగానే ఉందిలే, అలవాటవుద్ది" అన్నారు, నన్ను ఓదార్చడానికి. నా మొహం మాడిపోయింది. రేపే పూజ. ఎల్లుండి ఆయన స్టోర్‌లో బోల్టులు ఇస్తుంటారు. పాత కేలండరు కాగితం చింపి, రెండు అద్దాలు గీసి కత్తిరించి, నేల మీద పరిచాను. దగ్గరికి చూసేటప్పుడు రెండు కళ్లూ ముక్కు వైపుకి వస్తాయి కాబట్టి ఆ చిన్న ముక్కని ఎప్పుడూ కాస్త ముక్కు వైపుకే జరిపి ఉంచుతారు. కాగితాన్ని తలకిందులు చేశాను. ముక్కు వైపు ఉన్న ముక్క చెవి వైపుకి పోయింది. అయ్యో రామా, ఇంత చిన్న సంగతా! కుడి కాగితం తీసి ఎడమవైపు పెట్టాను, ఎడమది కుడివైపు. రెండు ముక్కలూ ముక్కు దగ్గరికి వచ్చేశాయి. నంబరు రెండిటికీ ఒకటే, ఫ్రేము రెండువైపులా ఒకటే. మిగిలింది దుబే సార్ కట్టుబాటొక్కటే. చిన్న స్క్రూడ్రైవరుతో, స్టీలు పళ్లెంలో మరలు పడేలా పెట్టుకుని, ఎడమ అద్దాన్ని కుడిలో, కుడి అద్దాన్ని ఎడమలో బిగించాను.  నాన్న మళ్లీ దూరారు. మంచం కిందనుంచి టాటీబంధ్‌లో టైర్ల దుకాణం వాళ్ల పేపరు ప్రకటన హిందీలో గడగడా వినిపించింది, చిరునామాతో సహా. ఆపమన్నా ఆపలేదాయన.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. మనిషిని నిలబెట్టి ఫొటో తీస్తే కొలతలన్నీ అదే చెప్పే యంత్రం ఉంది, వెంట్రుకవాసి తేడా రాదు. కళ్లలోకి చూడక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు. బాగుంది, నేనూ వాడతాను. అయితే ఆ యంత్రం ముందు అందరూ పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు తిన్నగా నిలబడతారు. బతుకులో అలా నిలబడి ఎవరు పని చేస్తారు? అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లని నేల మీద కూర్చోమంటాను, వంగమంటాను, కుట్టుమిషను తొక్కినట్టు తొక్కమంటాను. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. నాన్న పోయి ఐదేళ్లయింది. ఆయన కళ్లలోకి చూసిన ఆ ఆదివారం పొద్దున్న కోసం ఇప్పటికీ ఒక్కోసారి దుకాణం మధ్యలోనే ప్రాణం కొట్టుకుంటుంది. ఆ పూజనాటి సంగతి కూడా చెప్పేస్తాను.

విశ్వకర్మ పూజ రోజు కార్ఖానా గేట్లు ఇళ్లవాళ్లకి కూడా తెరుస్తారు. ఆడా మగా కొత్త బట్టలు కట్టుకుని, క్రేన్లకీ లేతు మిషన్లకీ వేసిన బంతిపూల దండలు చూసుకుంటూ తిరుగుతారు. సుత్తుల మీద కుంకుమ. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రసాదం బూందీ పొట్లం అమ్మకిచ్చి, నన్ను సరాసరి తన గుంత దగ్గరికి తీసుకెళ్లారు. పైన పాత గూడ్సు పెట్టె ఒకటి మర్నాటి కోసం నిలిపి ఉంది. ఇద్దరం దిగాం. నాన్న జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, ఒక చేత్తో టార్చి ఎత్తి, ఇంకో చేత్తో దూలాన్ని తడుముతూ నడిచారు. పైనుంచి సాహు సాబ్ వంగి, "ఆంధ్రా బాబూ, ఆజ్ భీ డ్యూటీ?" అన్నాడు, ఇవాళ కూడా డ్యూటీయేనా అని నవ్వుతూ. నాన్న ఒకచోట ఆగిపోయారు. జేబులోంచి సుద్దముక్క తీసి, టార్చి కదపకుండా, పైకి చూస్తూనే ఒక సున్నా చుట్టారు.

సాహు సాబ్ పట్టుపంచె పైకి దోపుకుని గుంతలోకి దిగాడు. సున్నాలో చూశాడు, ఏమీ కనిపించలేదు. కిరసనాయిలు గుడ్డ తెప్పించి మకిలి తుడిచి, మళ్లీ చూశాడు. చాలాసేపు చూసి, గోరు పెట్టి సన్నటి పగులు తడిమాడు. గుడ్డ నాన్న చేతిలో పెట్టి, "కల్ సే ఇధర్ హీ. స్టోర్ కో భూల్ జావో" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. రేపట్నుంచి ఇక్కడే, స్టోరు సంగతి మరిచిపొమ్మని. నాన్న కదల్లేదు. కళ్లు అలాగే పైకెత్తి ఉన్నాయి, అద్దాల కిందనుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి. నేను మునివేళ్ల మీద లేచి ఆ సున్నాలోకి చూశాను. అప్పటికి నా కళ్లకి ఏ నంబరూ లేదు. అయినా తుప్పు మరకలు తప్ప నాకేమీ కనిపించలేదు.

"ఎక్కడ నాన్నా, నాకు కనిపించట్లేదు" అన్నాను.

"నీకు కనిపించక్కర్నేదమ్మా" అన్నారు. "నాకు కనిపిస్తంది."